వంక పెట్టని మనిషి

వదినా,

మీరూ, మీ మోకాళ్ళూ, మీ కిటికీలో కూర్చునే బూడిదరంగు పిల్లీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్ చేసి చెబుదామంటే మీకు సరిగ్గా వినపడదు. ఇది అరిచి చెప్పే సంగతి కాదు, అరిస్తే మీకంటే ముందు మా పక్కింటివాళ్ళు శుభ్రంగా వింటారు. అందుకే కాగితం తీశాను. మీ తమ్ముడు షాపుకి వెళ్ళారు. నేను ఈ మధ్య క్యాంటీన్‌కి ఆలస్యంగా వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. ఎందుకు లేరో కూడా ఇందులోనే తెలుస్తుంది.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. వానాకాలంలో నాకు జ్వరం వచ్చిందని రాశాను కదా. తగ్గిందనీ రాశాను. పోతూ పోతూ అది నా ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయిందని మాత్రం రాయలేదు. మీకే కాదు, ఎవరికీ చెప్పలేదు. నాకు వాసన తెలియదు వదినా. రుచి తెలియదు. ఉప్పూ పులుపూ తేడా లేదు. నోట్లో ఉన్నది వేడిగా ఉందా చల్లగా ఉందా, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, అంతవరకే. అన్నం తింటుంటే తడిసిన దూది నమిలినట్టుంటుంది. డాక్టరు నా నోట్లోకి లైటు వేసి చూసి, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక పట్టడం నాకొకరు నేర్పాలా? మీ తమ్ముడితో కాపురం చేస్తున్నాను.

మీ చేతుల్లో పెరిగిన మనిషే కాబట్టి ఆయన సంగతి మీకు కొత్త కాదు. కానీ మీరు పెళ్ళి చేసి, నా చేతిలో పెట్టి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు. ఆ తరవాతి కథ నాది. కూరలో ఉల్లిపాయ ఉండాలి, కంటికి మాత్రం కనపడకూడదు. గుడ్డు గట్టిగా ఉడకాలి, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత రాకూడదు. పాల మీద మీగడ కట్టిందా, గ్లాసు వెనక్కి. క్యాబేజీ ఉడుకుతుంటే ఆ వాసన పడక వెళ్ళి వీధిలో నిలబడతారు. ఇక గుమ్మడికాయ ఇంట్లోకే రాకూడదు. ఒకసారి పక్కింటావిడ ప్రేమగా ముక్క కోసి ఇస్తే, దాన్ని బల్ల మీద చూసి అన్నం ముట్టకుండా వెళ్ళిపోయారు. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా అద్దాలు అరగదీసే మనిషి. అద్దం మీద వెంట్రుకంత గీత కనపడితే పక్కన పడెయ్యాల్సిందే. ఆ కళ్ళని షాపులో వదిలిపెట్టి రారు, ఇంటికి తెచ్చుకుని నేను వడ్డించిన కంచంలో పెడతారు. ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు పైకప్పు కేసి చూసి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" వెనకాల ఏదో ఒకటి వస్తుంది. ఉప్పు రవ్వ తక్కువైంది. ఉల్లిపాయ మాడింది. ఇది నిన్నటి నూనె. నాకేమో ఏదైనా ఇష్టమే, గిన్నె అడుగున మాడింది మరీ ఇష్టం. నా రుచి ఆయనకి మొరటు, ఆయన రుచి నాకు చాదస్తం. ఇన్నేళ్ళలో ఒక్క పూట, ఒక్క పూటంటే ఒక్క పూట, బాగుంది అన్న మాట ఆ నోటి నుంచి నేను వినలేదు.

సాక్సుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నేను పెద్ద వంటమనిషినని మీకు తెలుసు. అక్కడో పద్ధతి ఉంది. భోజనాల గంట కొట్టే ముందు పెద్ద వంటమనిషి ప్రతి గిన్నెలోంచీ కాస్త తీసి, మేనేజరు ఎదురుగా రుచి చూసి తల ఊపాలి. తల ఊపితేనే గంట. మేనేజర్ని మేమంతా చాటుగా గడియారం అంటాం. చేతికున్న గడియారం చూసుకోకుండా ఒక్క మాట కూడా పూర్తి చెయ్యడు. జ్వరం తరవాత కూడా నేను రోజూ గరిటె నోటి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపుతూనే ఉన్నాను. అంతా నాటకం. చేతికి కొలత తెలుసు కాబట్టి నడిచిపోయింది. కానీ సంగతి బయటపడితే ఆ రోజే నా ఉద్యోగం పోతుంది.

మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజే నాకో ఉపాయం తట్టింది. రేపు క్యాంటీన్‌లో ఏ కూర ఉందో, దాన్నే ఈ సాయంత్రం ఇంట్లో అదే పాళ్ళలో కొంచెం వండి మీ తమ్ముడికి పెట్టడం మొదలుపెట్టాను. ఆయన ఏ వంక పెడితే దాన్ని రేపు సరిచేసుకుంటాను. ఏ వంకా పెట్టలేదంటే ఇక ఆ కూరకి వంక పెట్టగలిగే మనిషి పుట్టలేదని అర్థం. ఇన్నేళ్ళు నన్ను సాధించిన నాలుక ఇన్నాళ్ళకి నాకు అక్కరకొచ్చిందనుకున్నాను.

మొదటి సాయంత్రం వడ్డించి, పక్కనే నిలబడి ఎదురుచూశాను. ఆయన పైకప్పు కేసి చూశారు. తరవాత "బాగుంది" అన్నారు. నా చేతిలో గరిటె గిన్నెలోకి జారిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఏది పెట్టినా బాగుంది, బాగుంది. కళ్ళు లేనివాడికి తోవ తెలిసినట్టు నా చేతికే అన్నీ తెలిసిపోతున్నాయి కాబోలు అనుకున్నాను. లేకపోతే వయసు మీద పడి ఈయన మెత్తబడ్డారనుకున్నాను. నిజం చెప్పొద్దూ, సంతోషించాను. స్టౌ దగ్గర అటు తిరిగి నిలబడి కాస్త ఏడ్చాను కూడా. ఆ కూర రుచి నాకు తెలియకపోయినా, ఆ మాట రుచి తెలిసింది.

అంతలో క్యాంటీన్‌కి బండి నిండా గుమ్మడికాయలు వచ్చాయి. రేపు గుమ్మడికాయ కూర అన్నాడు గడియారం. ఏం చెయ్యను? సాయంత్రం ఇంట్లో వండాను. తిట్లు తినడానికి సిద్ధపడే వడ్డించాను. మీ తమ్ముడు కంచం కేసి చాలాసేపు చూశారు. తరవాత కలుపుకుని తినేశారు వదినా. కొంచెం కూడా మిగల్చలేదు. మధ్యలో మళ్ళీ మళ్ళీ మంచినీళ్ళు అడిగారు. బాగుంది అని లేచారు. ఆ నీళ్ళు చూసైనా నాకు అర్థం కావలసింది. ఆ వారమే స్టోరులో రాళ్ళ ఉప్పు అయిపోయి మెత్తటి ఉప్పు ఇచ్చారు. పాళ్ళు తేడా రాకూడదని దాన్నే కాస్త ఇంటికీ తెచ్చుకున్నాను. రాళ్ళ ఉప్పు గుప్పిట్లో పట్టుకుంటే రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది. మెత్తటి ఉప్పులో ఖాళీ ఉండదు. అదే గుప్పిట్లో దానికంటే చాలా ఎక్కువ పడుతుంది. ఇది వంట నేర్చుకునేవాళ్ళకి కూడా తెలుసు, నాకూ తెలుసు. కానీ నాలుక ఉన్న రోజుల్లో చెయ్యి పొరపాటు చేస్తే నాలుక పట్టుకునేది. ఇప్పుడు పట్టుకోవడానికి ఎవరున్నారు, ఆయన తప్ప?

మర్నాడు నేను తల ఊపాను. గంట కొట్టారు. కాసేపటికి హాల్లో మాటలు ఆగిపోయాయి. కంచాలు వడ్డించినవి వడ్డించినట్టే వెనక్కి వస్తున్నాయి. గడియారం ఒక ముక్క నోట్లో వేసుకుని పంపు దగ్గరికి పరిగెత్తాడు. తిరిగొచ్చి, గరిటెతో కాస్త కూర తీసి నా చేతికిచ్చి, "నువ్వే చెప్పమ్మా ఎలా ఉందో" అన్నాడు. అందరూ చూస్తున్నారు. నేను నోట్లో పెట్టుకున్నాను, నమిలాను, మింగాను. పాపిష్టిదాన్ని, "బాగానే ఉందండీ" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మేమంతా పిన్ని అని పిలిచే, కూరగాయలు తరిగే ఆవిడ వచ్చి, నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి నేను ఆవిడ పక్కనే కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. నన్ను ఉంచాలో తీసెయ్యాలో గడియారం ఇంకా తేల్చలేదు.

ఆ సాయంత్రం మీ తమ్ముణ్ణి అడిగాను, నిన్నటి గుమ్మడికాయ కూర ఎలా ఉందని. తల ఎత్తకుండా "బాగుంది అన్నాను కదా" అన్నారు. అంతే.

నేను ఉద్యోగం కోసం ఏడవడం లేదు వదినా. దానికీ ఏడుస్తాను, అది వేరే. నాకు నాలుక ఉన్నన్నాళ్ళు ఆయన నాలుక నన్ను ఒక్క పూట ఊరుకోనివ్వలేదు. నాకు ఆ నాలుకతో పనిపడ్డ రోజున దాన్ని ముడుచుకుని కూర్చున్నారు. అంత ఉప్పు నోటికి తెలియకుండా ఎలా పోతుంది? తెలిసింది. చెప్పాలనిపించలేదు. వంక పెట్టిన రోజుల్లో కనీసం ఇది నేను వండానని ఆయనకి తెలిసేది. ఇప్పుడు నేను కూర పెట్టినా గోడ సున్నం పెట్టినా ఒకటే. అంటే నేను ఉన్నా లేకపోయినా ఒకటే. ఇదే నాకు మింగుడు పడటం లేదు.

అలిసిపోయాను. పొద్దున లేవగానే సాయంత్రం ఎప్పుడవుతుందా అనిపిస్తుంది, సాయంత్రమైతే ఎందుకైందా అనిపిస్తుంది. మీ ఇంట్లో ఆ వెనక గది ఖాళీగా ఉంటే నేను వచ్చేస్తాను. నాలుగు రోజులు ఉండి పోవడానికి కాదు. మొగుడి మీద అలిగి ఆడపడుచు ఇంటికి వెళ్ళినదాన్ని నేనే మొదటిదాన్నేమో, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోనీండి. ఆయనకి ఇంకా చెప్పలేదు. మీ జవాబు చూసి చెబుతాను. కాకపోతే వంట మాత్రం మీరే చెయ్యాలి.

మీ మరదలు


పిల్లా,

గది ఖాళీగానే ఉంది. మంచం మీద దుప్పటి మార్చాను. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, తరవాత రాసేది చదివాక నువ్వు నా గుమ్మం తొక్కనంటావేమోనని భయం.

తప్పు వాడిది కాదు, నాది.

నీకు జ్వరం తగ్గిన కొత్తలో, అద్దాలు తేవాలని చెప్పి వాడు ఒక రోజంతా ఇంట్లో లేడు, గుర్తుందా? అద్దాలూ లేవు, ఏమీ లేవు. ఇక్కడికొచ్చాడు. చెప్పులైనా విప్పకుండా నా గడప మీద కూలబడ్డాడు. నువ్వింకా నీరసంగా ఉన్నావని ఆ పొద్దున టీ తనే పెట్టాడట. డబ్బాలు తారుమారై పంచదార బదులు ఉప్పు పోశాడట. నీకు కప్పు ఇచ్చి, తనది నోట్లో పోసుకుని ఉమ్మేసి, పరిగెత్తుకుంటూ వచ్చేసరికి నువ్వు మొత్తం తాగేసి కప్పు కడుగుతున్నావట. "మొహం కూడా చిట్లించలేదక్కా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకెందుకు చెప్పలేదంటావు, అని అడిగాడు. నీకెందుకు చెబుతుందిరా, చెబితే దానికీ ఓ వంక పెడతావని భయం, అన్నాను. అంతటితో ఊరుకున్నానా? "ఇన్నేళ్ళు దాన్ని సాధించింది చాలు. ఇక పెట్టింది తిని, బాగుంది అని లే. ఇంకో మాట నీ నోట్లోంచి వచ్చిందని తెలిస్తే నా గడప తొక్కకు" అన్నాను. వాడు సరేనన్నాడు. నేనేదో ఘనకార్యం చేశాననుకుని ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

నువ్వు వాడి నాలుకని తక్కెడ చేసుకుని కూరలు తూస్తున్నావని నాకేం తెలుసు? నువ్వు రుచి పోయిందని దాచావు. వాడు తనకి తెలుసని దాచాడు. వాడికి నేను చెప్పానని నేను దాచాను. ఎవరికి వాళ్ళం మంచితనం వెలగబెడుతూ, ముగ్గురం కలిసి ఆ కూరలో ఉప్పు పోశాం.

ఇంకొకటి. గుమ్మడికాయ సంగతి వాడు నీకెప్పుడూ చెప్పి ఉండడు. మా అమ్మ పోయిన ఏడు నాన్నకి పని లేదు. ఇంటి వెనక ఒక గుమ్మడి తీగ ఉండేది. ఆ కాలమంతా అదే తిన్నాం. ఉడకబెట్టిన గుమ్మడికాయ, పొద్దునా అదే, సాయంత్రమూ అదే. వాడు పళ్ళు బిగించి కూర్చునేవాడు. నేను కొట్టి, ముక్కు మూసి, నోట్లో కుక్కేదాన్ని. నేనూ చిన్నదాన్నేగా, ఇంకేం చెయ్యాలో తెలిసేది కాదు. ఆ తరవాత వాడు దాన్ని చూస్తే చాలు, లేచి పారిపోయేవాడు. నేను కొట్టినా మింగనివాడు, నువ్వు పెట్టావని, అంత ఉప్పుతో, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. నువ్వేమో గోడ సున్నం అంటున్నావు.

వాడి తరఫున వకాల్తా పుచ్చుకుని ఇది రాయడం లేదు. వాడితో ఎన్నేళ్ళు వేగావో నాకు తెలుసు. అలిసిపోయానంటే నమ్ముతాను. వస్తే రా, నీ దిండు తెచ్చుకో, నా ఇంట్లోవి గట్టివి. మోకాళ్ళు బాగా లేవు. పిల్లి బాగుంది.

నీ వదిన


వదినా,

మీ ఉత్తరం చదివి ముందు మీ మీద కోపమొచ్చింది. చాలా వచ్చింది, అది ఇంకా పూర్తిగా పోలేదు, కలిసినప్పుడు తీరిగ్గా పోట్లాడతాను. తరవాత స్టౌ వెలిగించి బంగాళాదుంప కూర వండాను. మీ తమ్ముడు వచ్చారు. వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. మీ అక్కయ్య రాశారు అన్నాను. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నాకు రుచి తెలియదు. అది మీకు తెలుసు. మీకు తెలుసని ఇప్పుడు నాకూ తెలుసు. ఈ కూర ఎలా ఉందో చెప్పండి" అన్నాను.

ఆయన అలవాటు కొద్దీ బాగుంది అన్నారు. నేను కంచం లాక్కున్నాను. "ఆ మాట ఈ ఇంట్లో ఇంకొక్కసారి వినపడితే, మీ అక్కయ్య అక్కడ దుప్పటి మార్చి ఉంచారు, నేను వెళ్ళిపోతాను" అన్నాను.

ఆయన మెల్లగా కంచం తన దగ్గరికి తీసుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, పైకప్పు కేసి చూశారు. "ఊఁ" అన్నారు. ఎన్ని నెలలైందో వదినా ఆ చప్పుడు విని. భయపడి తగ్గించావు, ఉప్పు బొత్తిగా లేదు, అన్నారు. ముక్కలు కొన్ని పెద్దవి, లోపల పచ్చిగా ఉన్నాయి. ఇక అక్కడితో ఆగలేదు. జ్వరం తగ్గినప్పటి నుంచి నేను వండినదంతా బయటికి తీశారు. ఫలానా సూప్‌లో సబ్బు వాసన, గిన్నె సరిగ్గా కడగలేదు. ఫలానా రోజు గుడ్లకి ఆకుపచ్చ గీత. క్యాబేజీ మాడిపోయి, తిన్నాక రెండు రోజులు గొంతులోనే ఉంది. ఆ గుమ్మడికాయ గురించి చెప్పడానికైతే నాకు మాటలు రావడం లేదు, అన్నారు. ఒక్కటీ మర్చిపోలేదు. నేను వండిన ప్రతి ముద్దా ఆయనకి గుర్తుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాను. ఇదే మనిషి ఇవే మాటలంటే ఒకప్పుడు గిన్నెలు ఎత్తెయ్యాలనిపించేది. ఆ రోజు మాత్రం ఇంకా చెప్పండి, ఇంకా చెప్పండి అనిపించింది. చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి కంచం పక్కకి జరిపారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"మీరెందుకు చెప్పలేదు?" అన్నాను.

గిన్నెలు ఆయనే కడిగారు. నేను కడిగితే సబ్బు ఉండిపోతుందట.

మర్నాడు గడియారం దగ్గరికి నేనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోప్పడలేదు. ఇన్ని రోజులూ రుచి చూసే పని పిన్నికి అప్పగించి ఆయనా విసిగిపోయి ఉన్నాడు. పిన్నికి నచ్చనిది లోకంలో లేదు. ఉడకని బీన్స్ పెట్టినా బ్రహ్మాండం అంటుంది. అయినా "నాలుక లేని మనిషి చేత వంట ఎలా చేయించనమ్మా" అన్నాడు. నా నోటికి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. "నాలుక ఉందండీ. ఇంట్లో ఉంది. రేపు తీసుకొస్తాను" అన్నాను. ఆయన గడియారం చూసుకుని, ఈ నెల చూద్దాం అన్నాడు. ఆ తరవాత ఏమవుతుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

కళ్ళజోళ్ళ షాపు మా ఫ్యాక్టరీకి దగ్గరే. మధ్యాహ్నం షాపు మూసే వేళకి మీ తమ్ముడు వచ్చి, చేతులు కడుక్కుని, గిన్నెల ముందు నిలబడతారు. మొదటి రోజే సూప్ వెనక్కి పంపారు. ఆ ఫ్యాక్టరీలో భోజనాల గంట ఆలస్యం కావడం అదే మొదటిసారట, గడియారం ప్రాణం పోయినంత పనైంది. ఆకలి మీదున్న జనం గొణుక్కున్నారు. అందరిలోనూ సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ రోజు కంచాలు ఖాళీగా వెనక్కి వచ్చాయి.

గుమ్మడికాయలు ఇంకా అయిపోలేదు. నిన్న మళ్ళీ దాని వంతు వచ్చింది. మీరు వద్దులెండి, దీనికి పిన్ని చాలు అన్నాను. ఆయన వినలేదు. గరిటె తీసుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు. గొంతు ఒకసారి అడ్డం తిరిగింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా మింగారు. పైకప్పు కేసి చూశారు. గడియారం తన చేతి కేసి చూసుకుంటున్నాడు. పిన్ని కత్తి పక్కన పెట్టింది. నేను ఆయన మొహం కేసి చూస్తూ నిలబడ్డాను.

"నాకు నచ్చలేదు" అన్నారు.

నేను ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపాను.

"నాకెప్పటికీ నచ్చదు. కానీ బాగుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది. గంట కొట్టండి."

అందరూ తిన్నాక నేనూ పిన్నీ కూర్చుని ఆ కూర తిన్నాం. నా నోటికి ఎప్పటిలాగే తడిసిన దూది. డాక్టరు ఓపిక పట్టమంటూనే ఉన్నాడు. అలసట ఎక్కడికీ పోలేదు వదినా, ఒక్క మాటతో పోయేది కాదు అది. కానీ ఆ కూర బాగుందని నాకు తెలుసు. ఆ మాట అబద్ధం కాదు.

దుప్పటి అలాగే ఉంచండి. నెల తిరిగాక ఆయన్ని వెంటబెట్టుకుని నాలుగు రోజులు వస్తాను. వంట మీరే చెయ్యాలి. వంక పెట్టడానికి మనిషిని నేను తెస్తాను.

మీ మరదలు